నునుపు చేసిన నరం

మా బావకి సిగ్గు చెవుల్లో ఉంటుంది. మొహం మామూలుగానే ఉంటుంది, మాట మామూలుగానే వస్తుంది, చెవులు మాత్రం మంట దగ్గర పెట్టిన గాజు అంచుల్లా ఎర్రబడతాయి. మా అక్కని చేసుకున్న కొత్తలో, నలుగురిలో ఆవిడని పిలవాల్సి వచ్చినప్పుడల్లా అలా అయ్యేవి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో నేను వాటిని ఎర్రగా చూసింది తక్కువ. సిగ్గుపడాల్సిన పనులు ఆయన చేయలేదు. చేసింది ఒక్కటే. అందులో నా పాలు కూడా ఉంది కనక ఇది రాస్తున్నాను.

ఆయన గాజు ఊదే మనిషి. కాలేజీల ప్రయోగశాలలకి గాజు సామాను చేసే షెడ్డులో కిటికీ పక్క బల్ల ఆయనది. దాని వెనక, చల్లార్చే పొయ్యి దగ్గర చోటు నాది. కాగిన గాజుని ఒక్కసారిగా గాలికి వదిలేస్తే అది లోపల్లోపల అలుగుతుంది. పైకి ఏమీ అనదు. ఏ రోజో, ఎవరూ తాకకుండానే, టప్పున పగులుతుంది. అందుకని దాన్ని పొయ్యిలో పెట్టి, గంటగంటకీ కాస్త కాస్త వేడి తగ్గిస్తూ బుజ్జగించాలి. ఆ పని నాది. తర్వాత దూదిలో చుట్టి పెట్టెలో సర్దే పని కూడా.

అక్క అనేది: "ఇంట్లో కూడా ఇంతే కదరా. ఆయన అలుగుతారు, నువ్వు బుజ్జగిస్తావు. మధ్యలో పగిలేది నేను."

బావ పనిచేస్తుంటే చూడాలి. ఊదారంగు కళ్ళజోడు. గాజు గొట్టం ఒక చివర మూసేసి, రెండో చివరకి రబ్బరు గొట్టం తగిలించి, దాని కొస పళ్ళ మధ్య పట్టుకుంటాడు. రెండు చేతులూ గొట్టాన్ని తిప్పుతూనే ఉంటాయి. ఆపితే మెత్తబడ్డ గాజు కిందికి వాలిపోతుంది, కూర్చుని కునుకు తీసేవాడి తలలాగా. సరిగ్గా అది లొంగే క్షణంలో వంచుతాడు. వంచుతూనే ఒక చిన్న ఊపిరి లోపలికి పంపుతాడు. ఆ ఊపిరి అందకపోతే మలుపు దగ్గర గొట్టం నలుగుతుంది.

మలుపు నలగకూడదన్నది ఆయన గురువు చెప్పిన మొదటి పాఠం. ఎవరిదైనా నలిగితే గురువు తిట్టేవాడు కాదట. ఆ గొట్టాన్ని అందరూ వచ్చేపోయే దారిలో గోడకి వేలాడదీసేవాడట. బావది మూడు నెలలు వేలాడింది. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఆయన చేతిలో ఒక్క మలుపూ నలగలేదు. షెడ్డులో అందరూ ఆయన్ని నునుపు మాస్టారు అనేవాళ్ళు.

"దూరపు కొండలు నునుపు. దగ్గరకొచ్చి ఆ గెడ్డం చూడమను వాళ్ళని" అనేది అక్క.

కాలేజీలు ప్లాస్టిక్కుకి మళ్ళాక మాకు పని పలచబడింది. మధ్యాహ్నాలు మంటలు ఆర్పేసి కూర్చునేవాళ్ళం. అలాంటి ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, వేగంగా నడిచే మనిషి. ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చినట్టుగా వచ్చింది. జేబులోంచి చిన్న డబ్బా తీసి, బావ అరచేయి చాపమని, అందులోది ఒంపింది. ముందు నాకేమీ కనపడలేదు. తర్వాత కనపడింది. వెంట్రుకల్లాంటి తీగలతో అల్లిన గొట్టం. వేలి కణుపంత పొడవు. బావ ఊపిరి తగిలి అటు దొర్లింది.

"ఇది తలలోకి వెళ్తుంది మాస్టారూ" అంది.

మెదడుకి వెళ్ళే రక్తనాళం ఒక్కోచోట పలచబడి బుడగలా ఉబ్బుతుందట. పగిలితే మనిషి దక్కడం కష్టం. తల తెరిచి బుడగ మెడకి పట్టు బిగించే పద్ధతి ఒకటుంది. ఈ తీగల వలకి మాత్రం తల తెరవక్కర్లేదు. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో చిన్న రంధ్రంలోంచి, ఇంకా సన్నని గొట్టంలో ముడుచుకుని పైదాకా ప్రయాణం చేసి, బుడగ ఎదురుగా బయటికొచ్చి విచ్చుకుంటుంది. బుడగని ముట్టుకోదు. దాని మూతికి అడ్డంగా పరుచుకుంటుంది, అంతే. రక్తం వల లోపలి నుంచి తన దారిన తాను పోతుంది. బుడగలోకి మళ్ళేది తగ్గుతుంది, నెమ్మదిస్తుంది, చిక్కబడుతుంది. నెలలు గడిచేసరికి బుడగ ఎండి మూసుకుపోతుంది.

బావ అరచేతిలోకి చాలాసేపు చూశాడు. "అంటే తలుపు వెయ్యరు. తెర దించుతారు."

"ఇంత తేలిగ్గా మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదండీ" అని డాక్టరమ్మ నవ్వింది.

ఆయన చెవులు కొంచెం ఎర్రబడ్డాయి. అది మంచి ఎరుపు.

ఆవిడకి కావలసింది ఇది. కష్టమైన రోగి వచ్చినప్పుడు, ఆ మనిషి రక్తనాళం ఎలా ఉందో అలాగే గాజులో ఊదివ్వాలి. అదే వెడల్పు, అదే వంపు, అదే బుడగ. ముందురోజు అందులో ఎర్రనీళ్ళు పారించి, ఏ కొలత వల సరిపోతుందో, ఎక్కడ ఎలా విచ్చుకుంటుందో చేసి చూసుకోవాలి. గాజైతే ప్రతి తీగా కంటికి కనపడుతుంది. ఆవిడ మూడు వైపుల నుంచి తీసిన స్కానింగ్ బొమ్మలు ఉన్న కొలతకే అచ్చువేసి పంపేది. బావ ఊదేవాడు, నేను బుజ్జగించేవాణ్ణి.

ఆ ఏడాది పదకొండు మంది తలల్లోపలి దారులు మా బల్ల మీద పుట్టాయి. ఎవరివో తెలియదు, కవరు మీద అంకె ఉండేది. ఒకటి వాగు మలుపులా ఉండేది. ఒకటి ఏదో అడగబోయి ఆగిపోయినట్టు ఉండేది. బుడగ శనగగింజంత. ఎండ పడితే దాని నీడలో ఒక వెలుగుచుక్క వణికేది. ఎవరికో ప్రాణం మీదికి తెచ్చినది ఇంత అందంగా ఎలా ఉందా అనుకునేవాణ్ణి. తప్పు అక్కడే మొదలైంది. మేం వాటి అందం చూడటం మరిగాం.

పన్నెండోది వచ్చింది. బుడగకి కొంచెం ముందు రక్తనాళం మోచేతిలా మడిచి ఉంది. ఆ మడత లోపలివైపు గోరుతో నొక్కినట్టు చిన్న నొక్కు. బావ మొదట బొమ్మలో ఉన్నట్టే చేశాడు. మంటలోంచి తీసి వెలుగుకి ఎత్తి చూశాడు. మలుపు నలిగి ఉంది. గోడకి వేలాడిన ఆ పాత గొట్టం ఆయనకి కనపడి ఉంటుంది. మళ్ళీ మంటలో పెట్టి, పసిపిల్ల కంట్లో నలుసు ఊదినట్టు, ఒక్క చిన్న ఊపిరి వదిలాడు. నొక్కు పోయింది. మలుపు నిండుగా, నిమిరినట్టు వచ్చింది.

నేను బొమ్మ పక్కన పెట్టి చూశాను. "బావా, ఇక్కడ నొక్కుంది కదా."

"అది నీడ."

"మూడు బొమ్మల్లోనూ ఉందే నీడ!"

"ఒరేయ్, నువ్వు పొయ్యి సంగతి చూడు. దేవుడు కూడా గొట్టాన్ని అంత అధ్వాన్నంగా వంచడు."

"దేవుడికి ఇంకా చెయ్యి తిరగలేదు, నువ్వు దిద్దిపెడుతున్నావన్నమాట."

"నేర్చుకుంటాడులే పాపం."

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. దాన్ని పొయ్యిలో పెట్టాను. మర్నాడు దూదిలో చుట్టాను. నేనే చుట్టాను, నా చేతుల్తో.

పది రోజుల తర్వాత డాక్టరమ్మ ఫోను చేసింది. "ఇంక గాజులు వద్దు మాస్టారూ. నేనా పని మానేస్తున్నాను." ఎందుకని అడిగేలోపే పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. ఆవిడ సాధన చేసుకునే గదికి కిటికీ లేదు. గోడవారగా తొట్టి, మధ్యలో బల్ల, దాని మీద నీళ్ళు నెట్టే చిన్న యంత్రం టిక్కు టిక్కుమంటోంది. మా పన్నెండో గాజు బిగించి ఉంది. లోపల ఎర్రనీళ్ళు పారుతున్నాయి. డాక్టరమ్మ కుర్చీ అంచున కూర్చుని సన్నని గొట్టాన్ని లోపలికి తోస్తోంది. వల మలుపు తిరిగి, బుడగ ముందు పువ్వులా విచ్చుకుంది. ఆవిడ దాన్ని వెనక్కి లాగేసింది.

"చూశారా?" అంది మావైపు తిరక్కుండానే. "ఇరవై సార్లు చేశాను. ఒక్కసారి కూడా మెలిపడలేదు. ఆయన తలలో మాత్రం ఆ మలుపు దగ్గరే మెలి తిరిగిపోయింది, పిండిన గుడ్డలాగా. ఎంతకీ విచ్చుకోలేదు. బయటికి లాగి, ఇంకోటి వేసి, లోపల్నుంచి చిన్న బెలూనుతో తెరిచి... గంటలో అవ్వాల్సింది నాలుగు గంటలు పట్టింది. బుడగ సంగతి పర్లేదు. కానీ ఈ తోపులాటలో ఎక్కడో రక్తం చిన్న గడ్డ కట్టింది. లేచేసరికి కుడిచేతి వేళ్ళు లేవలేదు."

బావ వంగి గాజులోని ఆ మలుపునే చూశాడు.

"బొమ్మలో అక్కడ నొక్కులాగా ఏదో నేనూ చూశాను. మీ గాజులో లేదు. అయితే నీడే అయ్యుంటుందని వదిలేశాను. గాజు అబద్ధం చెప్పదు కదా." తన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి చూసుకుంది. "చెయ్యే మాస్టారూ. నా చెయ్యే మంచిది కాదు. పెద్దవాళ్ళకి చెప్పేశాను, ఇంక ఇలాంటివి నాకు ఇవ్వొద్దని."

అప్పుడు చెప్పాలి. ఒక్క మాట చాలు. బావ నోరు తెరిచాడు. నేను ఆయన చెవులే చూస్తున్నాను. అంత ఎరుపు ఎప్పుడూ చూడలేదు. "మీరు... మీరు కొంచెం విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నాడు.

నేనూ నోరు మెదపలేదు.

"వెళ్తూ వెళ్తూ చూడండి, వరండాలో బంతి నొక్కుతూ ఉంటారు. ఆయనే. కటింగ్ షాపాయన" అంది డాక్టరమ్మ.

చూడకుండా వెళ్దామనే అనుకున్నాం. దారి అదే. బెంచీ మీద యాభై ఏళ్ళ మనిషి, చేతిలో స్పాంజి బంతి, ఎదురుగా వ్యాయామం చేయించే అమ్మాయి.

"పట్టుకోండి. వదలండి."

"పట్టుకోడం వస్తోందమ్మా, వదలడమే రావట్లేదు. మా ఆవిడ కూడా నన్ను ఇదే అంటుంది."

అమ్మాయి నవ్వింది. ఆయన తలెత్తి మా బావని, ముందు మొహాన్ని కాదు, జుట్టుని చూశాడు. "గురువుగారూ, చెవుల మీద అడివి పెరిగిపోయింది. కాస్త ఓపిక పట్టండి, చెయ్యి లేవగానే నా దగ్గరకే వద్దురుగాని."

"అలాగే" అన్నాడు బావ. మెట్ల మలుపులో గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత వారం రోజులు ఆయన పనికొచ్చాడు, పోయాడు. ఫ్లాస్కులు ఊదాడు. మా మధ్య మాటలన్నీ పొయ్యి వేడి గురించే. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే అక్కడ ఆ నవ్వు ఉండేది, 'నేర్చుకుంటాడులే పాపం' అని పడీపడీ నవ్విన నవ్వు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. బావ కంచంలో వేళ్ళు తిప్పుతున్నాడు.

"ఏమండీ, నోట్లో గొట్టం ఏమైనా ఉండిపోయిందా? మింగరూ, మాట్లాడరూ" అంది అక్క.

నేను చెప్పేశాను. మొదట్నుంచీ, నవ్వుకున్నదాంతో సహా.

అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది. అంది: "ఆ పిల్ల తన చేతుల్ని తనే నమ్మడం మానేసి కూర్చుంది. మీరిద్దరూ ఇక్కడ ముద్దలు మింగుతున్నారు."

"బొమ్మ ఆవిడ దగ్గరా ఉంది కదా" అన్నాడు బావ. "ఆవిడా చూసుకోవాలి కదా."

"అయితే మీ చెవులెందుకలా ఉన్నాయి?"

బావ చేయి కడిగేసుకున్నాడు. "చెప్తే ఇంక నా చేత చేయించరు. నలభై ఏళ్ళు సంపాదించుకున్న పేరు..." అని ఆగాడు.

"ఆ పేరే కదండీ ఆ మనిషి తలలో మెలిపడింది" అంది అక్క.

సోమవారం బావ నాకంటే ముందొచ్చి మంట వెలిగించాడు. పన్నెండో బొమ్మలు బల్ల మీద పరిచి ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చేయడానికి కూర్చున్నాడు. మలుపు వచ్చేసరికి, ఆయన వద్దనుకుంటున్నా, ఊపిరి దానంతటది వెళ్ళిపోయింది. నొక్కు నిండిపోయింది. రెండోది కూడా అంతే. పెదాలు బిగించుకున్నాడు, ముక్కుతో పీల్చాడు, అయినా నలభై ఏళ్ళ అలవాటు ఎక్కడి నుంచో దారి చేసుకుని లోపలికి పోయింది. చివరికి రబ్బరు గొట్టం ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరుంచుకో. నేనడిగినా ఇవ్వకు."

తాగుడు మానేవాడు సీసా ఇచ్చినట్టు ఇచ్చాడు. నేను జేబులో పెట్టుకున్నాను. ఊపిరి లేకుండా వంచాడు. గాజు అక్కడ కుంగింది, మడతపడింది, నలిగింది. ఆయన మొహం ఎవరో లాగిపెట్టి కొట్టినట్టు అయింది. కానీ ఆపలేదు. బొమ్మతో కొలిచాడు. సరిపోయింది. ఆయన జీవితంలో చేసిన అన్నిటికన్నా వికారమైన వస్తువుని నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చల్లార్చాను.

మర్నాడు వెళ్ళేసరికి డాక్టరమ్మ గదిలో యంత్రం ఆపేసి ఉంది. బావ పెట్టె విప్పి, కొత్త గాజుని పాతదాని పక్కన పెట్టాడు.

"నొక్కు ఉందమ్మా బొమ్మలో. నేను చూశాను. వికారంగా ఉందని ఊది సర్దేశాను. వీడు చెప్పాడు కూడా. నవ్వి ఊరుకున్నాం."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పాతది విప్పి, కొత్తది బిగించి, నీళ్ళు వదిలింది. సన్నని గొట్టం తోసింది. వల మలుపు దాకా వెళ్ళింది. నొక్కు దగ్గర బయటికి రాబోయి, మెలి తిరిగింది. పిండిన గుడ్డలాగా. మళ్ళీ చేసింది. మళ్ళీ అక్కడే.

యంత్రం ఆపేసింది.

"పద్దెనిమిది రోజులు" అంది ఆవిడ. గొంతు పెద్దది కాలేదు. "పద్దెనిమిది రోజులు నేను చొక్కా బొత్తాం పెట్టుకుంటున్నా ఈ చేతుల్నే చూసుకుంటున్నాను. మీరు వారం కింద ఇక్కడే నిలబడ్డారు. విశ్రాంతి తీసుకోమన్నారు."

"అవునమ్మా."

"మీకు తెలుసు అప్పటికి."

"తెలుసు."

ఆవిడ మొహం అటు తిప్పుకుంది. "నొక్కు చూసి కూడా వదిలేసింది నేనే. నా తప్పు నాకుంది" అంది. "ఆయనకి నా వంతు నేను చెప్తాను. మీ వంతు మీరు చెప్పండి. తర్వాత మీ చేత చేయించాలా వద్దా అన్నది నేనిప్పుడు చెప్పలేను."

మేం వచ్చేస్తుంటే వెనక నుంచి మళ్ళీ యంత్రం మోగింది. తిరిగి చూస్తే, నొక్కున్న గాజులో ఆవిడ ఇంకో కొలత వల ప్రయత్నిస్తోంది. కుర్చీ అంచున కాదు, వెనక్కి ఆనుకుని కూర్చుంది.

రెండు రోజులాగి కటింగ్ షాపుకి వెళ్ళాం, మార్కెట్టు వెనక సందులో. రెండు కుర్చీలు, ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. నిలువుటద్దం, దువ్వెనలు ముంచిన గాజు గ్లాసు. మధ్యాహ్నం, ఎవరూ లేరు. ఆయన ఎడంచేత్తో కత్తెర పట్టుకుని గాలిని కత్తిరిస్తూ సాధన చేసుకుంటున్నాడు. కుడిచేయి ఒళ్ళో ఉంది, పడుకున్న పిల్లిలాగా.

"రండి గురువుగారూ. నిన్న డాక్టరమ్మ వచ్చి చెప్పాల్సింది చెప్పింది. మీరూ ఏదో చెప్తారంది."

బావ నిలబడే చెప్పాడు. ఆయన మొహంలోకి చూడలేక అద్దంలోకి చూసి చెప్పాడు. అద్దంలోనూ ఆయనే ఉన్నాడు.

కటింగ్ షాపాయన విన్నాడు. కత్తెర రెండుసార్లు టక్కు టక్కుమంది.

"నా దగ్గరకొచ్చే తలలన్నీ గుండ్రంగా ఉంటాయనుకున్నారా?" అన్నాడు. "ఒకడిది వెనక బల్లపరుపు. ఒకడికి ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. నేను సమంగా కనపడేట్టు కత్తిరిస్తాను. వంకర దాచడం నా పని. వాడు అందుకే వస్తాడు." కత్తెర మూశాడు. "అది మీ పని కాదు కదా గురువుగారూ."

బావ తల ఊపాడు. 'పోనీలెండి' అంటాడని నేను లోపల్లోపల ఎదురుచూశాను. ఆయన అనలేదు.

కత్తెరతో కుర్చీ చూపించాడు. "కూర్చోండి. ఎడంచేత్తో ఇంతవరకు ఎవరికీ చెయ్యలేదు. ఎవరూ కూర్చోరు. మీరు కాదనరుగా."

బావ కూర్చున్నాడు. గుడ్డ కప్పారు. నేను బెంచీ మీద కూర్చుని గంటసేపు చూశాను. కత్తెర తడబడింది, ఆగింది, వెనక్కొచ్చింది. ఒకసారి ఆయన వేలు బావ చెవికి తగిలి ఆగిపోయింది.

"జ్వరం ఏమైనా ఉందా? కాలిపోతోంది."

"లేదండీ" అన్నాడు బావ.

ఆయన అద్దంలో ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడక్కుండా మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇంటికెళ్ళేసరికి అక్క తలుపు తీసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకవైపు మెట్లు మెట్లుగా, ఇంకోవైపు గీకేసినట్టుగా ఉంది. కుడి చెవి చుట్టూ జుట్టన్నదే లేదు. ఆ చెవి పూర్తిగా బయటపడింది.

"ఇదేం అవతారమండీ! ఇలా రండి, ఆ కొసలు నేను సర్దేస్తాను" అని లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది.

బావ ఆవిడ చేయి పట్టుకుని ఆపాడు.

"వద్దు. ముట్టుకోకు. ఉన్నదున్నట్టు ఉండనీ."

మర్నాడు అలాగే షెడ్డుకి వచ్చాడు. అందరూ చూశారు. ఎవరో "నునుపు మాస్టారూ, ఏమిటిది?" అని నవ్వారు కూడా. ఆయన కిటికీ పక్క తన బల్ల దగ్గర కూర్చున్నాడు. పొద్దుటి ఎండ ఆ దాచుకోలేని చెవి మీద పడి, అవతలికి ఎర్రగా కనపడింది.